గట్టు మీద పొన్నగంటి

పాములపాడు నుంచి ఆళ్ళగడ్డకు పోయి రావడాన్ని యాత్ర అంటే మా ఊరివాళ్ళు నవ్వుతారు. కాశీకి పోయినవాళ్ళు చెప్పాలి గాని, బస్సులు మారితే వచ్చే ఊరికి కథేంది అంటారు. నేను కాశీకి పోయేదాన్ని కాదు. హజ్‌కు పోయే స్తోమత లేదు. ఆళ్ళగడ్డకే పోయాను. అక్కడ బర్మా దేశాన్ని చూసి వచ్చాను. కాబట్టి చెబుతాను.

నేను చెబుతుంటే మా వీధి అంగన్‌వాడీ టీచరు సరోజ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. మాటలు దిద్దొద్దని చెప్పాను. కొన్ని దిద్దింది.

నా పేరు హుసేనమ్మ. మా ఆయన మిరపతోటకు పురుగు మందు కొట్టీ కొట్టీ ఊపిరాడక పోయాడు. పక్కన నిలబడి నీళ్ళందించిన నాకు గొంతు గీరుకుపోయింది, ముక్కు సగమే పని చేస్తుంది. మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నానని అనుకుంటారు. ఆయన పోయాక ఉన్న చేనులో మందు మానేసి ఆవు పేడ, ఆవు మూత్రం, వేపాకు కషాయంతో పంట తీయడం నేర్చుకున్నాను. తర్వాత మండలంలోని ఆడవాళ్ళకు చూపిస్తూ తిరిగాను. ఆ మాట ఎట్లా పాకిందో గాని హైదరాబాదు దాకా పాకింది.

అక్కడి నుంచి ఒక సంస్థ మేడం ఫోన్ చేసింది. బర్మాలో ఇళ్ళు తగలబెడితే పారిపోయి వచ్చి, మన దేశంలో ఆశ్రయం అడుగుతున్న రోహింగ్యా వాళ్ళు ఉన్నారట. చేతిలో శరణార్థి కార్డు ఉంది, వెనక్కి పోవడానికి దేశం లేదు. హైదరాబాదులో చెత్త ఏరుకుని బతుకుతున్న నాలుగు కుటుంబాలను, పోలీసులకు చెప్పే, ఆళ్ళగడ్డ దగ్గర దించారట. అహోబిలం స్వామి ఒకాయన అర ఎకరం నేల, ఒక ఆవు ఇచ్చాడట. కౌలు అడగలేదు. ఒకటే మాట అన్నాడట. "మొదటి కోత దాకా చూస్తా. నేలను సాకేవాళ్ళయితే ఉంచుతా. కాదంటే పత్తి వేసేవాడొకడు నా ఇంటి చుట్టూ తిరుగుతాండాడు, వానికిస్తా." నేల పోతే వాళ్ళు మళ్ళీ చెత్త దగ్గరికే.

"కోతకొచ్చేదాకా మీరుండి నేర్పించండి అక్కా. మీరూ ముస్లింలే కదా, భాష సులువు" అంది మేడం.

నేను దూదేకుల దాన్ని. మా ఇంట్లో ముత్తాతల నుంచీ తెలుగే. నాకు ఉర్దూలో వచ్చేది సలాం, జల్దీ, బిరియానీ. ఆ సంగతి చెప్పబోతే సిగ్నల్ పోయింది.

నంద్యాల: ఉగ్గాని, విత్తనాలు

ఆడవాళ్ళకు బస్సులో డబ్బు అడగడం మానేసినప్పటి నుంచి సీట్లు కూడా మానేశారు. ఆత్మకూరులో ఎక్కి వెలుగోడు దాకా నిలబడే పోయాను. నా పక్కన ఒకామె పుట్టింటికి పోతోంది. సంచిలో కోడిపుంజు ఉంది.

"టికెట్ తీసుకున్యావా దానికి?" అన్నాను.

"ఎందుకు తీసుకోవాల? మగదని ఎవరికి తెలుస్తాది?" అందామె.

నంద్యాల బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాను. ఉగ్గాని అంటే మాకు తెలియంది కాదు గాని, ఇక్కడ బొరుగుల్లో పుట్నాల పొడి ఎక్కువ. బజ్జి మాత్రం మిరపకాయ ఉందో లేదో వెతుక్కోవాలి. ప్లేటు నలభై. మా పాములపాడులో ఆ డబ్బుకు ఇద్దరు తింటారు.

"ఇంకో మిరపకాయ ఎయ్యప్పా" అన్నాను.

"ఎందుకమ్మా అట్ల కొట్లాడతావు, ఏస్తాండా గదా" అని రెండు వేశాడు. నా గొంతు వల్ల నష్టమే కాదు, ఒక్కోసారి ఇట్లా లాభం కూడా.

విత్తనాల అంగడి శెట్టికి నేను పాత బేరం. అడిగీ అడగక ముందే రంగు పూసిన పొట్లాలు ముందర పరిచాడు.

"ఇవి వద్దు శెట్టీ. నాటువి ఉంటే ఇయ్యి."

"నాటువి మొలిచినా మొలవకున్నా నన్నడగొద్దు."

"రంగువి మొలవకపోతే అడగొచ్చా?"

"అప్పుడు గూడా అడగొద్దు" అన్నాడు శెట్టి. అందరితో ఒకే తీరుగా ఉండే మనిషి.

మేడం ఫోన్‌లో ఒక సంగతి గట్టిగా చెప్పింది. నెలా నెలన్నరలో చేతికొచ్చేవి తప్ప వేరే ఏమీ తేవొద్దని ఆ ఆడవాళ్ళు అడిగారట. గోంగూర, మెంతి, పాలకూర, తోటకూర కట్టించుకున్నాను. వంగ, బెండ కూడా తీసుకోమన్నాడు శెట్టి. వద్దన్నాను. ఏం తొందరో వాళ్ళకు అనుకున్నాను. పట్నంలో ఉండి వచ్చినవాళ్ళు కదా, అట్లే ఉంటారులే అని కూడా అనుకున్నాను.

ఆళ్ళగడ్డ: రాళ్ళ వీధి

ఆళ్ళగడ్డలో దిగితే ముందు వినపడేది ఉలి చప్పుడు. విగ్రహాలు చెక్కే ఊరు. రోడ్డు పక్కన దేవుళ్ళు వరుసగా పడుకుని ఉంటారు, కొందరికి చేతులు రాలేదు, కొందరికి ముఖం రాలేదు. ఒక వినాయకుడికి పొట్ట ఒక్కటే పూర్తయింది. ఆయనను ఆనుకుని ఒకతను టీ తాగుతున్నాడు. మా ఊర్లో పీర్లను పండగ అయిపోగానే గుడ్డ చుట్టి పెట్టెలో పెడతారు, మళ్ళీ పండగ దాకా ముట్టరు. ఇక్కడ ప్రాణం పోసేదాకా ఎవరైనా ఆనుకోవచ్చు.

బస్టాండులో నల్ల బురఖా వేసుకున్న మనిషి నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి.

"హుసేనమ్మక్కనా? నేను నూర్. దా, ఆటో మాట్లాడిన."

నేను సలాం ఒక్కటే సిద్ధం చేసుకుని ఉన్నాను. అదీ మరిచిపోయాను.

"నీకు తెలుగెట్ల వచ్చినాది?"

"హైదరాబాద్ల బిల్డింగు పని జేసిన. పాలమూరు లేబరోళ్ళు నేర్పిన్రు. నీదేం తెలుగక్క, సగం సమజైతలేదు."

"మాదే తెలుగు. నీదే తేడా."

"గట్లనే అంటరు అందరు" అంది.

వాళ్ళ ఆయన ఆ రాళ్ళ వీధిలోనే బండలు ఎత్తి దించే పనికి పోతాడు. తక్కిన మగవాళ్ళూ అంతే. పొలం పని ఆడవాళ్ళదే. కాలువ ఒడ్డున రేకుల ఇళ్ళు నాలుగు, కాలువ దాటితే స్వామి నేల. ఇళ్ళ దగ్గర ఎండుచేపలు తాళ్ళకు వేలాడుతుంటాయి. నాకు సగం ముక్కే కాబట్టి సగం వాసనే వచ్చింది.

పొలం: మొదటి పాఠం

మరునాడు మేడం కారులో వచ్చి రెండు వేపచెట్ల మధ్య బ్యానర్ కట్టించింది. దాని మీద సుస్థిర జీవనం, సేంద్రియ ఆహారం అని రాసి ఉందట. చాలాసేపు మాట్లాడింది. మంచి పిల్ల.

"సుస్థిరం అంటే ఏందమ్మా?" అన్నాను.

"రేపటికి మిగిలేలా బతకడం అక్కా."

నూర్ ఆ మాటను వాళ్ళ భాషలో తక్కినవాళ్ళకు చెప్పింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నూర్ అత్త, అందరూ దాదీ అని పిలిచే ముసలామె, ఏదో అంది. అందరూ నవ్వారు.

"ఏమంటాంది?" అన్నాను.

"రేపు ఏ ఊర్లనో ముందుగాల చెప్పుమంటుంది" అంది నూర్.

మేడం ఫోటో తీసుకుని పోయింది. తర్వాత నేను డ్రమ్ము ముందర పెట్టించాను. జీవామృతం కలపడం కష్టమేమీ కాదు. ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి, గట్టు మీది మన్ను పిడికెడు, నీళ్ళు. కలిపి నీడలో పెట్టి పొద్దున సాయంత్రం తిప్పితే రెండు రోజుల్లో పులుస్తుంది. అది నేలకు పోస్తే నేల మెత్తబడుతుంది, వానపాములు పైకొస్తాయి. నేను చీర ఎగదోపి, మోచేతి దాకా చేయి పెట్టి కలిపి చూపించాను. ఆ సందులో స్వామి ఆవు బెల్లం తినేసింది. మళ్ళీ తెప్పించాం.

"ఇట్ల చేయి పెట్టి కలపండి" అన్నాను.

అందరూ దాదీ వైపు చూశారు. దాదీ ఆకాశం వైపు చూసింది. నూర్ పోయి పొడుగాటి కట్టె తెచ్చింది.

"కట్టెతోని తిప్పుతం అక్క. గట్ల గూడ అయితది గదా?"

అవుతుందన్నాను. శుభ్రం ఎక్కువ కాబోలు అనుకున్నాను. తడిపిన సంచులు కప్పారు, చెప్పిన వేళకు తిప్పారు. పోసే పని మాత్రం తెల్లారకముందే, నేను లేచేలోపే ముగించేవాళ్ళు. ఏం చెప్పినా "సరే అక్క" అన్నారు. మా మండలంలో ఒక మాట చెబితే నాలుగు మాటలు తిరిగొస్తాయి. ఇంత బాగా వినేవాళ్ళను నేను జన్మలో చూడలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

కాలువ ఒడ్డు: వాళ్ళ అన్నం

మేం కారం తింటామని ఊరూరా చెప్పుకుంటాం. దాదీ చేసిన ఎండుచేపల పచ్చడి తిన్నాక ఆ మాట మానుకున్నాను. పచ్చిమిరపకాయలు కాల్చి, ఎండుచేపలు కాల్చి, రెండూ కలిపి రోట్లో దంచుతారు. చింతపండు లేదు, నూనె లేదు. అన్నం మాత్రం మనకంటే ఎక్కువ తింటారు. సంగటి చేసి పెడితే ఒక ముద్ద తిని "బాగుంది" అన్నారు, రెండో ముద్ద ఎవరూ అడగలేదు.

సంతలో గోంగూర కట్ట చూసి దాదీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. వాళ్ళ ఊర్లోనూ ఉంటుందట. రొయ్యపొట్టు వేసి వండుతారట. మేం శనక్కాయలేసి నూరతామంటే, శనక్కాయలు వేసుకుంటే పులుపు ఎట్లా తెలుస్తుందని అడిగింది. 

ఒకరోజు తింటూ ఉండగా దాదీ నన్ను చూపించి ఏదో అడిగింది.

"నువ్వు నమాజు ఎప్పుడు జేస్తవని అడుగుతుంది" అంది నూర్.

"పీర్ల పండగకు."

నూర్ చెప్పింది. దాదీ నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. జాలి అనుకుంటా.

మళ్ళు కట్టి గింజలు చల్లిన రోజున నేను నూర్‌ను అడిగాను, ఎందుకంత తొందర పంటలే కావాలన్నావని. ఆమె మడి అంచున కూచుని, చదునుగా ఉన్నదాన్ని మళ్ళీ చదును చేస్తూ చెప్పింది.

"మా ఊర్ల వరి కోతకొచ్చింది అక్క. రేపు కోద్దామనుకున్నం, ఆ రాత్రే ఉరికినం. బంగ్లాదేశ్ క్యాంపుల సొరపాదు పెట్టిన. పిందెలేసినంక ఆడికెళ్ళి గూడ పోవుడైంది. హైదరాబాద్ల గుడిసె ముంగట బచ్చలి పెట్టిన. గుడిసెలు కాలినయ్. ఇత్తుడు నాకు మంచిగొస్తది. కోసుడే ఎన్నడు జెయ్యలె."

నేను చేతిలో మిగిలిన గింజలను పొట్లం కట్టాను.

"నెలల వచ్చేదైతే కోస్తనేమో అని" అంది. అని లేచి నీళ్ళు కట్టడానికి పోయింది.

శనివారాలు

స్వామి ప్రతి శనివారం స్కూటర్ మీద వచ్చేవాడు. అహోబిలం గుడిలో తరతరాలుగా సేవ చేసే ఇల్లు. అరవై దాటాయి. స్కూటర్ దిగగానే నశ్యం ఒక పట్టు పీల్చి, ఆవు దగ్గరికి పోయి దాని గంగడోలు నిమిరి, ఆ తర్వాత మనుషుల దగ్గరికి వచ్చేవాడు. వచ్చిన మొదటిరోజే ఆడవాళ్ళకు ఒక షరతు చెప్పాడు. పొలంలో నీచు తినకూడదు. వాళ్ళు తినలేదు. ఎండుచేప ముక్క కూడా కాలువ దాటి తేలేదు.

"ఏమ్మా హుసేనమ్మా, మా ఆవు మూత్రం పోస్తాండారు గదా?"

"పోస్తాండారు స్వామీ. నేను లేచేసరికే డ్రమ్ము ఖాళీ అవుతాండాది."

"చూడు, పైరు ఎట్లుండాదో. అంతా దాని మహిమ."

పైరు నిజంగా బాగుంది. గోంగూర నల్లగా, ఆకు అరచేయంత. నేను నేర్పిన మండలంలో ఎక్కడా అంత ఆకు రాలేదు. నేను లోపల పొంగిపోయాను. ఒక్కటే అర్థం కాలేదు. మళ్ళలోకంటే గట్టు మీద గడ్డి ఎక్కువ పెరిగింది. మోకాలెత్తు. రోజూ కోసి ఆవుకు వేసినా మళ్ళీ అంతే. గట్టుకు ఎవరు ఎరువేస్తారు?

ఇంకొకటి, పిల్లులు. సాయంత్రమైతే ఎక్కడివో పిల్లులు మళ్ళ మధ్య తిరుగుతుంటాయి. తోకలెత్తి, నేలను వాసన చూస్తూ.

"ఇన్ని పిల్లులేంది స్వామీ?" అన్నాను ఒకసారి.

"ఎలుకలుంటాయిలే. మంచిదే" అని నశ్యం పీల్చాడు. ఆ పొలంలో నాకు సగం ముక్కు, ఆయనకు నశ్యం నిండిన ముక్కు. వాసన తెలిసిన జీవాలు పిల్లులొక్కటే.

పోయేముందు స్వామి చెప్పాడు. "వచ్చే శనివారం మొదటి కోత నేను కోస్తా. మా ఇంట్లో పెరుమాళ్ళకు ఆరగింపు పెట్టి, ఆ ప్రసాదం మేం తిన్నాక, నేల సంగతి మాట్లాడుదాం."

ఆడవాళ్ళు తలాడించారు. నూర్ తలాడించలేదు.

పిల్లి వెంబడి పోయిన రోజు

శనివారం రేపనగా సాయంత్రం ఒక పిల్లి చేప తలకాయ నోట కరచుకుని మడి దాటి పోతుంటే చూశాను. పొలంలోకి చేప ఎట్లా వచ్చిందని దాని వెనకే పోయాను. కాలువ గట్టుకు అటువైపు కంపల చాటున రెండు పెద్ద కుండలు, మూతలకు మట్టి మెత్తి ఉన్నాయి. ఒక మూత పక్కకు జరిగి ఉంది. లోపల సంతలో పారేసే చేపల తలకాయలు, పేగులు, బెల్లం వేసి మాగబెట్టినవి. నాకున్న సగం ముక్కుకు కూడా కళ్ళు తిరిగాయి.

నూర్‌ను పిలిచాను. నేను పిలిస్తే ఆళ్ళగడ్డ దాకా వినపడుతుంది.

"ఏందీ ఇది?"

ఆమె దాచలేదు. "చాప నీళ్ళు. మా దేశంల గిదే ఏస్తం. దీనిల చెంబెడు, బిందె నీళ్ళల కలిపి మొదట్ల పోస్తం."

"మరి నేను చెప్పిన జీవామృతం?"

"గట్టుకు పోసినం. రోజు పోసినం అక్క. పారబొయ్యలె."

గడ్డి సంగతి అప్పుడు అర్థమైంది. ఆవు గట్టు గడ్డి తింటుంది, ఆవు మూత్రం గట్టుకు పోతుంది, గట్టు ఆవుకు మళ్ళీ గడ్డి ఇస్తుంది. నా పాఠమంతా ఆవుకూ గట్టుకూ మధ్యనే నడిచింది.

"ఎందుకు పొయ్యలేదు మళ్ళకు?"

"ఉచ్చ మీద పడితె బట్ట పాక్ గాదు అక్క. నమాజుకు పనికిరాదు. నమాజు అయిదు పూటలు, బట్టలు రెండు జతలు. ఏడ ఉతకాలె, ఏడ ఆరెయ్యాలె?"

"నేనూ సాయిబుల బిడ్డనే. చేస్తాండా గదా."

నూర్ నన్ను ఎగాదిగా చూసింది. పీర్ల పండగ సంగతి ఆమెకు గుర్తున్నట్టుంది.

"సరే, నాకు చెప్పొచ్చు గదా? నోరు లేదా?"

"గంత దూరంకెళ్ళి మాకోసం వచ్చినవ్. మొకం మీద వద్దని ఎట్లంటం? ఇంటికొచ్చిన పంతులమ్మను వద్దంటే పాపం."

కోపం చేయడానికి నాకు చోటు దొరకలేదు. కంపల పక్కన ఇద్దరం కూచున్నాం.

"రేపు స్వామి ఆకు కోసుకపోయి దేవునికి పెడతాడు" అన్నాను.

"ఆయన చాప తినడా?"

"తినడు. గుడ్డు గూడా కంటితో చూడడు."

"తెలిస్తే?"

"నేల పోతాది."

"తెల్వకపోతే?"

"తెలీకపోతే తింటాడు."

ఇద్దరం గోంగూర వైపు చూశాం. చాలా బాగుంది.

"నేను చెప్తా ఆయనకు" అన్నాను.

నూర్ నా చేయి పట్టుకుంది. "చెప్పు. గాని నేను కోసినంక చెప్పు అక్క. ఒక్క మడి. ఒక్కపారి కోసినంక పొమ్మన్నా పోతం."

నేను సరేనన్నాను. అనకుండా ఉండవలసింది. కాని ఆ ముఖం ముందర ఎవరైనా అదే అంటారు.

స్వామి వచ్చిన శనివారం

మేం పొద్దున్నే కోద్దామనుకున్నాం. స్వామి ఇంకా పొద్దున్నే వచ్చాడు. స్కూటర్‌కు కొత్త గుడ్డసంచి తగిలించుకుని వచ్చి, నేరుగా బోరు దగ్గరికి పోయి తలమీదుగా స్నానం చేశాడు. తడి పంచె కట్టుకుని, ఎవరికీ తగలకుండా గట్టు మీద నడిచి వచ్చాడు.

"ఆ తడి బట్ట ఏంది?" అని నూర్ నన్ను మెల్లగా అడిగింది.

"మడి బట్ట. దేవుని పనికి కట్టుకుంటారు. దానికి ఏదైనా తగిలితే మళ్ళా స్నానం చేయాల."

నూర్ ఆ పంచె వైపు చూస్తూ నిలబడింది. స్వామి గోంగూర మడి ముందర వంగాడు. నేను చెప్పాలని నోరు తెరిచాను. ఊరంతా వినపడే గొంతు ఆ ఒక్కసారి రాలేదు.

"స్వామీ, కొయ్యకు" అంది నూర్. "దాంట్ల చాప ఏసినం."

స్వామి చేయి ఆకు మీద ఆగిపోయింది.

"ఏం ఏసినారు?"

"చాప. తలకాయలు కుళ్ళబెట్టి నీళ్ళు పోసినం. అన్ని మళ్ళకు. తినలే స్వామీ, నువ్వు చెప్పినట్టు పొలంల ఎవ్వరు తినలే. పోసినం అంతే."

స్వామి నా వైపు చూశాడు. "ఆవు మూత్రం పోస్తాండారని వారం వారం చెప్పినావే హుసేనమ్మా?"

"అది ఇంకో పక్కకు పోయినాది స్వామీ."

ఆయన ఆకును తాకిన చేతిని ఒంటికి దూరంగా, ఎవరిదో అన్నట్టు పట్టుకుని బోరు దగ్గరికి పోయాడు. మళ్ళీ స్నానం చేశాడు. తర్వాత స్కూటర్ వైపు నడిచాడు. నేను అటే చూస్తూ ఉండిపోయాను.

ఇటు తిరిగేసరికి కాలువ ఒడ్డున మూటలు కడుతున్నారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. దాదీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. ఒకామె తాళ్ళ మీది ఎండుచేపలు దించి కాగితంలో చుడుతోంది. నూర్ టార్పాలిన్ పట్టాను నాలుగు మడతలు పెట్టి మోకాలితో నొక్కి తాడు బిగించింది. మా ఇంట్లో పెళ్ళికి పోవడానికి ఒక పెట్టె సర్దాలంటే ఒక పూట పడుతుంది. వాళ్ళకు అంతసేపు పట్టలేదు. ఆ పనిలో వాళ్ళకున్న ఒడుపు మడి కట్టడంలో కూడా లేదు.

వెనక నుంచి స్వామి గొంతు వినపడింది. "ఏందా మూటలు?"

ఆయన చేతిలో, స్కూటర్‌కు తగిలించి తెచ్చిన గుడ్డసంచి ఉంది. దానికోసమే పోయినట్టున్నాడు.

"పోతాండారు స్వామీ" అన్నాను.

"ఎవరు పొమ్మన్యారు? నేనన్యానా?"

దాదీ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"మా ఆవు మూత్రం యాడికి పోయినాదో చెప్పండి ముందు."

నూర్ తాడు వదిలేసి గట్టు చూపించింది. స్వామి గట్టు మీద గొంతుకూచున్నాడు. గడ్డిని రెండు చేతులతో పాయదీశాడు. లోపల, ఎవరూ విత్తనం వేయకుండా, పొన్నగంటి కూర దుప్పటి పరిచినట్టు అల్లుకుని ఉంది. చిన్న చిన్న ఆకులు, నిగనిగలాడుతున్నాయి. అన్ని రోజులు ఆ గట్టు మీద నడిచి కూడా నేను చూడలేదు.

"ఇది ఎవరు నాటినారు?"

"ఎవ్వరు నాటలే."

"దీనికి చేప తగిలినాదా?"

"ఇటు తీసుకరాలె స్వామీ. అటు కాలువ దిక్కుకెళ్ళి తెచ్చి అటే పోసినం."

"అబద్ధం కాదు గదా?"

నూర్ ఆయన ముఖంలోకి చూసింది. "అబద్ధమైతే ఇందాకనే ఆడుతుంటి."

స్వామి ఒక రెమ్మ తుంచి కాసేపు చూశాడు. తర్వాత సంచి పరిచి కోయడం మొదలుపెట్టాడు. సంచి నిండేదాకా వంగిన నడుం ఎత్తలేదు. నిండాక లేచి, నడుం పట్టుకుని చెప్పాడు.

"గట్టు నాది, మళ్ళు మీవి. మూత్రం గట్టుకే పొయ్యండి, చేప ఇటు రాకూడదు. ఉగాది దాకా చూస్తా. ఆ కుండలు యాడున్యాయో నాకు చెప్పొద్దు."

దాదీ మజ్జిగ ఇస్తే తాగలేదు. నా వైపు చూడనే లేదు. స్కూటర్ తిప్పుకుంటూ మాత్రం, ఆ సంచి నేలకు తగలకుండా మెడలో వేసుకున్నాడు.

ఆయన పోయాక నూర్ కొడవలి తీసుకుంది. గోంగూరను పీకకూడదని, రెండు కణుపులు వదిలి కోస్తే మళ్ళీ చిగురేస్తుందని చూపించాను. ఈసారి "సరే అక్క" అనలేదు. "రెండెందుకు, మూడు వదిలితే?" అని అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. మూడైనా మంచిదే అన్నాను. ఆమె ఒక కట్ట కోసి, దారం చుట్టి, గట్టు మీద పెట్టి చూసింది. మళ్ళీ వంగి ఇంకొకటి కోసింది. మడి అయ్యేదాకా లేవలేదు.

ఆ రాత్రి రొయ్యపొట్టు వేసి వండారు. పులుపు బాగా తెలిసింది.

తిరుగు దారి

నేను బయల్దేరే రోజు నూర్ బస్టాండు దాకా వచ్చింది. రాళ్ళ వీధి దాటుతుంటే ఒకరి పెరట్లో మునగచెట్టు గోడమీదుగా బయటికి వాలి ఉంది.

"అది కొమ్మ పెడితె వస్తదా?" అంది.

"వస్తాది."

"కాయ ఎప్పుడు గాస్తది?"

"వచ్చే వానల తర్వాతనే."

"ఉగాది దాటినంకనా?"

"దాటినాకనే."

ఆమె కొంచెం సేపు ఆ చెట్టు కింద నిలబడింది. "ఒక కొమ్మ ఇప్పియ్యి అక్క" అంది.

ఆ ఇంటామెను అడిగాను. నా గొంతు విని భయపడి రెండు నరికిచ్చింది.

నంద్యాలలో శెట్టి నాటు విత్తనాలు మొలిచాయా అని అడిగాడు. మొలిచాయన్నాను. ఏ ఎరువు వేశారని అడిగాడు. మా బస్సు వచ్చిందని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి నా డ్రమ్ములో నా జీవామృతం కలుపుకుంటూ ఉండగా నూర్ ఫోన్ చేసింది.

"అక్క, మునగ చిగురు బెట్టింది."

"యాడ నాటినావు?"

"గట్టు మీద."

గట్టు స్వామిది. నా చేతిలో కట్టె ఆగిపోయింది.

"స్వామి చూసినాడా?"

"చూసిండు. ఏమనలె. ఆవు తినకుండ చుట్టూర కంప గట్టి పోయిండు."